ఉప్పు అడుగునే ఉండిపోయింది

ఉప్పెనకి ముందు వచ్చిన మాఘమాసం, బుధవారం, మధ్యాహ్నం మూడు గంటలు. మా ఊరి వలల పాకలో సముద్రపు నీళ్లు పొయ్యి మీద పెట్టిన రోజూ వేళా అదే. ఆ రోజుల్లో నీకు గడియారం ఎక్కడిదని అడిగేవాళ్లుంటారు, అడగాలి కూడా, నేనైనా అడుగుతాను. మా ఊళ్లో గడియారం లేదు గానీ బందరు నుంచి వచ్చే బస్సు మూడింటికి వంతెన దగ్గర హారను కొట్టేది, ఆ హారను వినపడ్డాకే పంతులమ్మ అగ్గిపుల్ల గీసింది. అంతకన్నా కచ్చితంగా నేను చెప్పలేను, చెప్పేవాళ్లని నమ్మను.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న విజయవాడలో మా అమ్మాయి ఇంట్లో మనవరాలు సెల్‌ఫోను గోడకి ఆనించి పెట్టుకుని పాఠం వింటోంది. ఫోనులో ఒక మేఘం, దానికి కళ్లూ మూతీ. సముద్రం మీద నుంచి నీలం బాణాలు లేచి ఆ మేఘంలో దూరుతున్నాయి, మేఘం నవ్వుకుంటూ వాన కురిపిస్తోంది, వెనక ఒక ఆడగొంతు ఎవరో తరుముతున్నట్టు చెప్పుకుపోతోంది. పక్కన కూచుని బీరకాయలు చెక్కు తీస్తున్నదాన్ని ఊరుకోలేకపోయాను. సముద్రం ఉప్పగా ఉంటది గదే, మరి వాన ఎందుకు ఉప్పగా ఉండదో ఆ అమ్మని అడుగు అన్నాను. ఫోనుని అడగడం కుదరదంది. పోనీ నువ్వు చెప్పు అన్నాను. "అది ఎగ్జామ్‌లో రాదు అమ్మమ్మా" అని వేలితో తోసేసింది. మేఘం పోయి దాని స్థానంలో ఇంకేదో గంతులేస్తూ వచ్చింది.

తిరిగి అడగడానికి వీల్లేని పంతులమ్మని నేను నమ్మను. నవ్వే మేఘాన్ని అసలే నమ్మను. ఆ ప్రశ్న నేను మొదటిసారి అడిగింది పాతికేళ్ల వయసులో, అప్పటికి నాకు ఒత్తులు రావు.

మా ఊరు బందరుకి దిగువన, సముద్రానికీ ఉప్పుటేరుకీ మధ్య ఇరుక్కున్న ఊరు. మా వీధి చేపలవాళ్ల వీధి. మగాళ్లు పడవల మీద పోతే ఆడాళ్లం గంపలు నెత్తిన పెట్టుకుని బస్సెక్కి బందరులో అమ్ముకొచ్చేవాళ్లం. ఊరికి అటు చివర చర్చి, దాని చుట్టూ పేట. పేటవాళ్లు పొలం పనులకీ ఉప్పు మడులకీ పోయేవాళ్లు. మాకూ వాళ్లకీ మధ్య ఊరంతటికీ ఒకటే మంచినీళ్ల బావి, అందులో చేద వెయ్యాల్సింది మేమే; వాళ్లు బిందెలు పట్టుకుని దూరంగా నిలబడితే ఎవరో ఒకరం తోడి పోసేవాళ్లం. వాళ్లు ముట్టిన నీళ్లు మేం తాగం, వాళ్ల గిన్నెలో వండింది తినం. వదినా, పిన్నీ అని వరసలు కలుపుకునేవాళ్లమే, నీళ్లు మాత్రం కలుపుకునేవాళ్లం కాదు. మీలో చాలామంది అలాంటి ఊళ్లలోనే పుట్టారు, తెలీనట్టు మొహం పెట్టకండి.

నాకు చదువు మీద మనసు పడింది ఒక బస్సు వల్ల. ఒకనాడు బందరులో బేరం బాగోలేదు, గుడివాడ పోదామని బస్టాండులో నిలబడి ఉన్న బస్సు ఎక్కాను, ఎక్కి గంప కాళ్ల దగ్గర పెట్టుకుని నిద్రపోయాను, లేచేసరికి కూచిపూడిలో ఉన్నాను. గజ్జెలు కట్టుకుని ఆట నేర్చుకునే పిల్లల ఊళ్లో, ఆ వీధుల్లో, ఎండెక్కిన వేళ చేపల గంపతో నిలబడితే ఎవరు కొంటారో మీరే చెప్పండి. సాయంత్రానికి సరుకంతా కాలవలో పారబోశాను. ఎక్కేటప్పుడు బోర్డు కనపడలేదా అని కండక్టరు కసిరాడు. కనపడింది. కనపడడం వరకే నా వంతు.

పెద్దవాళ్లకి చదువు చెప్పే పథకం ఏదో వచ్చిందని బందరు నుంచి పంతులమ్మ దిగింది ఆ తర్వాతే, వలల పాకే బడయింది. గన్నవరం వైపు పిల్ల, క్రైస్తవుల అమ్మాయి, ఇరవై దాటి ఉంటాయి. సంచీలో పలకలు, చేతిలో గొడుగు, మనిషిని చూడగానే అండీ, గారూ. మాతో అంత మర్యాదగా మాట్లాడేవాళ్లు అంతవరకూ రెండు రకాలే, ఓట్లడిగేవాళ్లూ ఆపరేషన్లకి తీసుకుపోయేవాళ్లూ. ఎమర్జెన్సీ రోజులవి, ఆపరేషన్ల జీపంటే గుండె జారిపోయేది, కాబట్టి ఈ పిల్ల దాని కోసమే వచ్చిందని వీధంతా ఒక మాట మీద నిలబడ్డాం. కుటుంబం అనే పాఠం చెబుతూ మీ ఇంట్లో ఎంతమంది అని ఆమె అడిగితే, ఐదుగురు పిల్లలున్న నా తోడికోడలు ఇద్దరే అంది, ఇద్దరున్న నేను ఒకడే అన్నాను, ఎందుకైనా మంచిదని ఒకావిడ తనకి పెళ్లే కాలేదంది, చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని. ఆ రోజు పాఠమంతా అబద్ధాల మీద నడిచింది, కూడిక మాత్రం పలక మీద సరిగ్గా వచ్చింది.

నన్ను బడికి పంపడం మా అత్తకి సుతరామూ ఇష్టం లేదు. మా ఆయన అమ్మ ఒప్పుకుంటే సరే అని పడవెక్కి పోయాడు, మగాళ్లందరికీ అదొక సుఖం. కూచిపూడి కాలవలో పారబోసిన చేపల సంగతి రోజుకోసారి ఎత్తి ఎత్తి చివరికి ఒప్పించాను గానీ ఆవిడ ఒక షరతు పెట్టింది. పేటవాళ్లు కూడా వచ్చే చోటు అది, అక్కడ చుక్క నీళ్లు నోట్లో పోసుకున్నావని తెలిస్తే ఆ రోజుతో నీ పలక ఉప్పుటేట్లో ఉంటది అంది. అని ఊరుకోలేదు, కాపలాకి తనూ వచ్చింది. రోజూ పాక గుంజకి ఆనుకుని, ఒళ్లో చిరిగిన వల వేసుకుని, కుట్టు మీద ఒక కన్నూ పంతులమ్మ చేతుల మీద ఒక కన్నూ వేసి కూచునేది. మా అత్త అనుమానం ఊరికే పోయే రకం కాదు. బజార్లో కొన్న కొబ్బరికాయని కూడా ఇంటికొచ్చేదాకా మూడుసార్లు ఊపి చూసేది, దారిలో ఎవరో నీళ్లు తీసేసినట్టు.

పాకలో మా వీధి వాళ్లం ఒక చాప మీద, పేటవాళ్లు ఇంకో చాప మీద. పంతులమ్మ దాన్ని గురించి ఒక్క మాటైనా అనలేదు. అననందుకు కూడా మాకు అనుమానమే, మనసులో ఏదో పెట్టుకుందని. అక్షరాలు ఒక గంట చెప్పాక ఆమె పలకలు పక్కన పెట్టించి లోకం సంగతులు చెప్పేది. భూమి గుండ్రంగా ఉందని చెబితే మా అత్త గుంజ దగ్గర నుంచే, గుండ్రంగా ఉంటే ఈపాటికి సముద్రం కారిపోదా అంది. పంచాయితీ మెంబరు మన నౌకరు లాంటివాడు, మనమే పెట్టుకుంటాం అని చెబితే రెండు చాపలూ కలిసి నవ్వాయి. రెండు చాపలూ ఒకే మాట మీద ఉండడం నేను చూసింది అప్పుడే. ఆమె మాత్రం కోపం తెచ్చుకునేది కాదు, ఎందుకు నమ్మడం లేదో చెప్పండి అనేది. చెబితే వినేది. అదే నాకు లోపల లోపల నచ్చడం మొదలైంది, పైకి చెప్పలేదు గానీ.

ఒక మంగళవారం నాడు ఉప్పు మడుల గురించి చెప్పింది. మడిలో పెట్టిన నీళ్లు ఎక్కడికి పోతాయంటే, ఎండ తాగేస్తదని మేమన్నాం. తాగి ఏం చేస్తుందంది. ఆవిరయి పైకి పోయి, చల్లబడి, మబ్బయి, వానయి మళ్లీ వస్తుందని చేతులు తిప్పి చూపించింది. అప్పుడడిగాను నేను, సముద్రం నుంచే వస్తే వాన ఎందుకు ఉప్పగా ఉండదని. ఆమె మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. రేపు చూపిస్తానండి అంది. ఇంటికి పోతూ దారంతా మా అత్త ఒకటే గొణుగుడు: ఇవాళ చూపించడానికేం, రేపటికి ఏదో సిద్ధం చేసుకోడానికి పోయింది. నాకూ అలాగే తోచింది, దాచుకోవడం ఎందుకు.

మర్నాడు పంతులమ్మ గిన్నె కావాలని మా వీధిని అడిగింది. ఒకరి గిన్నెకి చిల్లు, ఒకరిది మాట్లు వేయించడానికి ఇచ్చారు, నా తోడికోడలు గిన్నెలో పప్పు నానేసింది, ఆ రోజు మా వీధిలో ఖాళీ గిన్నె లేదు. చివరికి పేట పెద్దావిడ తన సత్తు గిన్నె తెచ్చింది. సముద్రం నీళ్లు ముంచుకొచ్చిందీ ఆవిడే. ఆవిడా మా అత్తా ఒక వయసు వాళ్లు, పిల్లలప్పుడు ఉప్పు మడుల్లో పక్కపక్కన పారలు లాగినవాళ్లు, కుండలు మాత్రం ఎవరివి వాళ్లవి. మూడు ఇటుకలు పెట్టి, తాటాకుల మంట వేసి, గిన్నె మీద పంతులమ్మ తన పళ్లెం ఏటవాలుగా మూత పెట్టి, దాని మీద తడిగుడ్డ పరిచి, పళ్లెం అంచు కింద తన గాజు గ్లాసు పెట్టింది. ఆవిరి పళ్లెం లోపల చెమటలా పట్టి, బొట్టు బొట్టుగా అంచుకి జారి గ్లాసులో పడుతోంది. మా అత్త వల కుట్టడం మానేసి దగ్గరికి జరిగి రెప్ప వెయ్యకుండా చూస్తోంది. పంతులమ్మ కొంగు సర్దుకున్నా, గుడ్డ తడిపినా ఆవిడ చూపు ఆ చేతుల వెంటే పోయింది.

గ్లాసులో నాలుగైదు గుక్కలు చేరాక, గిన్నె అడుగున తెల్లగా కట్టాక, పంతులమ్మ మంట తీసేసి గ్లాసు ఎత్తి పట్టుకుని రుచి చూడమంది. ఎవరూ కదల్లేదు. పేట చాప మీద నుంచి ఒకావిడ చెయ్యి చాపబోతే నా తోడికోడలు, "మీరు చూస్తే ఏం లాభం, ఆమె మీ మనిషి, చేదుగా ఉన్నా తియ్యగా ఉందంటారు" అంది. దాంతో తాగితే మా చాప వాళ్లే తాగాలని తేలిపోయింది. అడిగిందాన్ని నేను. అందరి కళ్లూ నా మీదే. తాగానా, ఇంటికి పోగానే పలక ఉప్పుటేట్లో. తాగలేదా, ఇక ఈ పాకలో ఏ ప్రశ్న అడగడానికీ నాకు మొహం ఉండదు. ఒత్తులు ఇంకా రాలేదు. బందరు బస్సుల మీద మచిలీపట్నం అని రాస్తారు, నేను ట అక్షరం దాకా వచ్చి దాని కింద ఉన్న దాని దగ్గర ఆగిపోతాను. ఆ ఒక్క ఒత్తు నాకూ మిగతా బతుక్కీ మధ్య అడ్డంగా నిలబడినట్టుంది. మా అత్త వైపు చూశాను.

మా అత్త నన్ను చూడ్డం లేదు, గిన్నెలోకి చూస్తోంది. వేలు పెట్టబోయి, అది ఎవరి గిన్నో గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. తాటాకు ఈనె ఒకటి విరిచి దాంతో అడుగున గీకి, వచ్చిన తెల్లటి పొడి కిందికి దులిపి చూసింది.

"ఉప్పే. మడిలో పొరలాగే కట్టింది" అంది. "ఏమ్మా పంతులమ్మా, నీళ్లే లేచిపోయినయ్, ఉప్పు ఇక్కడే ఉండిపోయింది, అంతేగా?"

"అంతేనండి మామ్మగారూ."

"ఇసక?"

"రాదండి."

"చేపల నీచు?"

"దాదాపు రాదండి."

మా అత్త ఈనె కింద పడేసింది. తర్వాత గొంతు తగ్గించకుండానే, "మరి ఈ గిన్నె అంటు?" అంది.

పంతులమ్మ మొహం ఎర్రబడింది. ఏ పుస్తకంలో వెతుక్కుంటుంది పాపం. జవాబు చెప్పింది పేట పెద్దావిడ, మోకాలు మీద చెయ్యి వేసుకుని, తన గిన్నెకేసి చూస్తూ. "రాయి లాంటి ఉప్పే ఎగరలేక అడుగున పడిందే వదినా, మా అంటుకేమన్నా రెక్కలున్నాయా?" అంది. నవ్వింది గానీ ఆ నవ్వు వినడానికి బాగాలేదు. యాభై ఏళ్ల నుంచి దాచుకున్నదేదో అందులో ఉంది.

మా అత్త ఆవిడ మొహంలోకి చూసింది. నాకు తెలిసి అంత సేపు చూడడం అదే మొదలు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వుండు. ఇందులో ఏం కలిపిందో ఏంటో, నీకు పిల్లలున్నారు, ముందు నేను చూస్తా" అని గ్లాసు అందుకుని, అంచు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుంది. నోట్లోనే కాసేపు ఉంచుకుని పుక్కిలించి మింగింది. అందరం ఆవిడ గొంతు వైపే చూస్తున్నాం. "రుచీ పచీ లేదు" అంది. "ఉప్పు మాత్రం లేదు. తాగవే, అడిగిందానివి నువ్వేగా." తాగాను. పొగ వాసన, సత్తు వాసన, చప్పదనం. అంత గొప్ప నీళ్లు నేను మళ్లీ తాగలేదు, తాగిన వెంటనే మాత్రం కడుపులో ఏమన్నా అవుతుందేమోనని సాయంత్రం దాకా చూసుకున్నాను.

ఇంటికి పోగానే మా అత్త నెత్తి మీద నుంచి బిందెడు నీళ్లు పోసుకుంది, నన్నూ పోసుకోమంది, ఎందుకైనా మంచిదని. దీన్ని మీరెలా అర్థం చేసుకుంటారో మీ ఇష్టం. పొద్దుగుంకక ముందే తోడికోడలు పుణ్యమా అని వీధంతా తెలిసింది, మా బావగారు గుమ్మంలోకి వచ్చి పేట గిన్నెలో నీళ్లు తాగారంట, నిజమేనా అని నిలదీశాడు. నా పలక మూలన గోడకి ఆనించి ఉంది, నా కళ్లు దాని మీదే ఉన్నాయి. మా అత్త తడిజుట్టు విదిలించుకుంటూ, "గిన్నెలో నీళ్లు తాగలేదురా, గిన్నెలోంచి లేచిపోయిన నీళ్లు తాగాం" అంది. "నమ్మకపోతే రేపు రా, కూచుని చూడు, చూశాక మాట్లాడు." ఆయన రాలేదు. ప్రశ్నలేసేవాళ్లంతా చూడ్డానికి రారు. మర్నాడు నా పలక నా చంకలోనే ఉంది, ఆవిడ నా ముందు నడుస్తూ బడికి దారితీసింది. ఆ ఎండాకాలం వెళ్లకముందే నేను బందరు బస్టాండులో ట కింద ఒత్తు పలికి, మచిలీపట్నం అని పైకే చదివాను. పక్కనున్నాయన నాకేదో అయిందనుకుని జరిగి నిలబడ్డాడు.

ఆ ఏడు కార్తీకంలోనే ఉప్పెన వచ్చింది. దాని గురించి చెప్పేవాళ్లు చాలామంది చెప్పారు, నేను చెప్పను. పాక పోయింది. బావి ఉప్పయిపోయింది. నీళ్ల లారీ వచ్చినప్పుడు ఎవరు ఎవరికి పట్టి ఇచ్చారో, ఎవరి చెంబు ఎవరి నోటికి పోయిందో ఎవరూ అడగలేదు; మా అత్త మాత్రం లారీ దగ్గర నిలబడి పేట పెద్దావిడ ఏదని అందర్నీ అడిగింది. మనుషులు అప్పటికి మారారనుకున్నాను. నెలల తర్వాత బావి తోడించి, సున్నం కొట్టించి, మళ్లీ మంచినీళ్లు ఊరాయి. బావి బాగుపడిన వారానికే అంటు కూడా బాగుపడింది, పేటవాళ్లు మళ్లీ బిందెలు పట్టుకుని దూరంగా నిలబడ్డారు. అప్పటి నుంచి, మారిపోయిందని ఎవరైనా ఏదైనా చెబితే ఈనె విరిచి అడుగు గీకి చూడాలనిపిస్తుంది.

ఇప్పుడు విజయవాడలో నీళ్లు డబ్బాలో వస్తాయి. ఎవరు పట్టారో, ఏ చేతులు మూత బిగించాయో ఎవరం అడగం. అడగకూడనిది అడగడం మానేశాం, మంచిదే అనుకుంటూ ఉన్నాను. మొన్న ఆ పాఠం అయిపోయాక వంటింట్లోకి పోతే కిటికీ గట్టు మీద ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంది, విడిగా. దేనికే ఇది అంటే, పనమ్మాయికి అంది మా అమ్మాయి. విడిగా ఎందుకే అంటే, హైజీన్ అమ్మా అంది. మనవరాలు ఫోనులోంచి తలెత్తకుండానే, అవును అమ్మమ్మా, మా సైన్సులో ఉంది అంది. నవ్వే మేఘం చెప్పిన సైన్సు. నేనేం వాదించలేదు, వాదన మా అత్తకి చేతనైనట్టు నాకు చేతకాదు. ఆ గ్లాసు కడిగి కాఫీ అందులో పోసుకున్నాను. ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రం అందులోనే తాగుతున్నాను. పనమ్మాయికి మా అందరి గ్లాసుల్లోదే ఇస్తున్నాను. అమ్మకి మతి తప్పుతోందేమోనని మా అమ్మాయి అల్లుడితో అనడం విన్నాను. అననివ్వండి. అడగడం మొదలుపెడితే చెబుతాను. ఇంకా అడగలేదు.

మా కాలంలో దేన్నీ నమ్మేవాళ్లం కాదు, అందుకే దగ్గరికి జరిగి చూసేవాళ్లం. ఆ పాకలో కూచున్నవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు, కొందర్ని సముద్రమే తీసుకుంది, వాళ్లని ఎవరూ ఎక్కడా రాసి ఉండరు. నాకు అక్షరాలు వచ్చాయి కాబట్టి నేను రాస్తున్నాను. ఆ బుధవారం మూడు గంటలకి వలల పాకలో ఉన్నది: గుంజ దగ్గర మా అత్త, మా చాప మీద నా తోడికోడలు, పెళ్లి కాలేదన్న ఆవిడ, ఆవిడ చంకలో పిల్లాడు, నేను, పేట చాప మీద చెయ్యి చాపబోయిన ఆవిడ, ఆవిడ చెల్లెలు, చర్చిలో గంట కొట్టే ఆయన భార్య, మధ్యలో, పొయ్యి పక్కన, పంతులమ్మ, ఆమెకి ఎదురుగా, తన గిన్నె దగ్గర, పేట పెద్దావిడ.